ఉప్పు చేతులకు టచ్‌స్క్రీన్

2015వ సంవత్సరం, వేసవి చివరి రోజులు. టెక్కలి మెయిన్ రోడ్డులో నాకో చిన్న కంప్యూటర్ షాపు ఉండేది. మా వాళ్లంతా రాజాంలో ధాన్యం వ్యాపారం చేసుకునేవాళ్లు. నేనొక్కణ్ణే ఆ బస్తాలు వదిలి ఈ బ్యాటరీలు పట్టుకున్నాను. దగ్గర్లో ఇంజినీరింగ్ కాలేజీలు ఉండబట్టి, సీట్లు ఖాయమయ్యే రోజుల్లో తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. ఆ ఏడాది అందరి నోటా ఒకటే ప్రశ్న. టచ్ ఉన్నది తీసుకోమంటారా, లేనిది చాలంటారా?

నా జవాబు ఎప్పుడూ ఒకటే. అక్కర్లేదు. టచ్‌స్క్రీన్ అంటే మామూలు తెర మీద ఇంకో గాజు పొర. మేం దాన్ని డిజిటైజర్ అంటాం. వేలు ఎక్కడ తగిలిందో పసిగట్టి యంత్రానికి చెప్పేది అదే. ఆ పొర వల్ల లాప్‌టాప్ కొంచెం బరువెక్కుతుంది, ఛార్జింగ్ కొంచెం తొందరగా దిగిపోతుంది, పగిలితే బాగు చేయించడం పెద్ద తలనొప్పి. పైగా ఆ గాజు నిగనిగలాడుతుంది. వెలుతురు ఎదురుగా పడితే తెర మీద బొమ్మకు బదులు మన మొహం కనిపిస్తుంది. టచ్ లేనివాటిలో చాలావరకు మ్యాట్ తెరలు, అంటే మెరుపు లేనివి. కంటికి హాయి. రోజంతా కీబోర్డు మీద టైపు చేసుకునే పిల్లాడికి తెర ముట్టుకునే పనేముంది? టచ్‌కు ఎక్కువయ్యే డబ్బుతో మెమరీ పెంచుకోండి అనేవాణ్ణి. ఇప్పటికీ చాలామందికి అదే చెబుతాను.

ఒకరోజు మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ, ఒకావిడ వచ్చింది. పాతికేళ్లు దాటి ఉంటాయి. ముదురు ఆకుపచ్చ నేత చీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. తన పేరు నీలవేణి అని చెప్పింది. నౌపడ ఉప్పు మడులు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చిన్న రేవు ఊరి కోడలు. ఇంటర్ టెక్కలిలోనే చదివిందట. భర్త గుజరాత్‌లో, వెరావల్ రేవులో బోట్ల మీద పనికి వెళ్లాడు. ఆ ఊళ్లో సగం మంది మగవాళ్లు అలా వెళ్లినవాళ్లే.

"లాప్‌టాప్ కావాల బాబూ. మా ఊరి సంగం తరుపున కొంతన్నాం," అంది.

"ఏం పనికమ్మా?"

"సముద్రం సూడ్డానికి."

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. అప్పుడు ఆమె వివరంగా చెప్పింది. సముద్రంలో ఏ పక్కన చేపలు దొరకవచ్చో, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తుందో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో ప్రభుత్వం వాళ్లు రోజూ పటాలు వేసి నెట్‌లో పెడతారు. ఆ సంగతి ఊళ్లో మొదట తెలుసుకున్నది ఆమే. వేట సాగే రోజుల్లో రోజూ పొద్దున్నే ఫోన్‌లో చూసి, పడవలు దిగే ముందు ఒడ్డుకు వెళ్లి చెబుతోంది. ఎవరూ అప్పగించిన పని కాదు.

"పోన్లో ఇంతే ఉంటాది," అని తన బొటనవేలి గోరు చూపించింది. "మా ముసిలోల్ల కల్లకి ఆనదు. నాను సదివి సెప్తాను. ఇంతారు. ఇనీసి ఎల్పోతారు."

"విన్నాక ఆ ప్రకారం చెయ్యరా మరి?"

ఆమె బుట్ట కింద పెట్టింది. "కిందటేడు సావనంలో గాలి ముదురుతాదని వచ్చినాది. సెప్పినాను. ఆడకూతురి మాటకి పడవలు కట్టీసుకుంతామేటి అనీసి ఎల్లిపోనారు. మా మరిది పడవ తిరగబడిపోనాది. వల బెండు పట్టుకోని తేలినాడు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన కాడినుంచి ఆడు మల్లీ సముద్రానికి ఎల్లనేదు. ఉప్పు మడుల్లో కూలికెల్తన్నాడు."

ఇదంతా ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా చెప్పింది. వాళ్లు వినకపోవడం వాళ్ల తప్పని కాదు, తాను చూపించే తీరు సరిపోలేదని ఆమె లెక్క. అందుకే పెద్ద తెర కావాలి. నా షాపులోకి ఎందరో లాప్‌టాప్ కోసం వచ్చారు. కష్టాన్ని ఇలా ఒక పనిగా మార్చుకుని వచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

నేను అలవాటు ప్రకారం టచ్ లేని, మ్యాట్ తెర ఉన్న యంత్రం ముందు పెట్టాను. ఎండలోనూ కనిపిస్తుంది, బ్యాటరీ ఎక్కువసేపు ఆగుతుంది, మీకు ఇదే సరైనదని చెప్పాను. ఆమె తలూపింది. ఆ పక్కనున్నదాన్ని చూసింది.

"అది ఏలితో ముట్టుకునేదా?"

"అవునమ్మా. మీకు పనికిరాదు."

"తడి సేత్తో ముట్టుకుంతే పని సెయ్యదా?"

"చెయ్యదు."

"ఉప్పు నీల్లైతేనో?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. "ఇంకా ఇబ్బంది పెడుతుంది అనుకుంటాను," అన్నాను.

"అనుకోడమేటి బాబూ, సూద్దుం."

పక్క హోటల్ నుంచి ఒక గ్లాసు నీళ్లు, గుప్పెడు ఉప్పు తెప్పించాను. ఆమె ఉప్పు కలిపి వేళ్లు ముంచి, సందేహంగా నా వైపు చూసింది. డెమో పీస్, అంటే షాపులో చూపించడానికి ఉంచిన యంత్రమే కాబట్టి కానివ్వమన్నాను. నెట్‌లో గాలి పటం తెరిచి పెట్టాను. బంగాళాఖాతం మీద గాలి సన్నని గీతల్లా పారుతూ కనిపించే పటం అది. ఆమె తడి వేలు పెట్టగానే పటం పిచ్చెత్తినట్టు అటూ ఇటూ పరుగులు తీసింది. తెర మీద పడ్డ ప్రతి చుక్కనూ అది ఒక వేలు అనుకుంటుంది. ఒక్క చేతికి పది చేతులు మొలిచినట్టు లెక్క. ఆమె పగలబడి నవ్వింది. చెంగుతో వేలు, తెర తుడిచి మళ్లీ పెట్టింది. ఈసారి పటం బుద్ధిగా కదిలింది.

"తుడుసుకుంతే సాలు," అంది తనలో తాను.

తర్వాత రెండు యంత్రాలూ ఎండలోకి తెమ్మంది. షాపు ముందు మెట్టు మీద పక్కపక్కనే పెట్టాను. మ్యాట్ తెర వెలవెలబోయినా పటం ఆనవాలు తెలుస్తోంది. టచ్ తెర మీద మా ఇద్దరి మొహాలు, పైన కరెంటు తీగలు కనిపించాయి. గెలిచాను అనుకున్నాను. ఆమె మాత్రం రెండింటినీ నీడలోకి జరిపి ఒకసారి, వంచి ఒకసారి చూసింది. చివరికి, "ఒకపాలి మా రేవుకి రెండూ అట్టుకు రాగలవా బాబూ? సూడవలసినోల్లు ఆలు, మా రేవోల్లు, కదా," అంది.

వ్యాపారం కోసం వెళ్లానని చెబితే అబద్ధం. ఆ ఊళ్లో ఏం జరుగుతుందో చూడాలనిపించింది. ఆదివారం షాపు సెలవు. రెండు డెమో యంత్రాలు సంచిలో పెట్టుకుని, నెట్ కోసం డాంగిల్ జేబులో వేసుకుని స్కూటర్ మీద బయలుదేరాను. నౌపడ దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఉప్పు కుప్పలు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. ఆ తెలుపును చూసినప్పుడే నా మ్యాట్ తెర మీద నాకు ఇంకా నమ్మకం పెరిగింది.

వేసవిలో చేపల వేటకు ప్రభుత్వం పెట్టే నిషేధం ముగియబోతున్న రోజులు. రేవులో చేపలు వేలం పాడుకునే షెడ్డు కింద మగవాళ్లంతా కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్ల మధ్యలో నీలవేణి మామగారు కొర్లయ్య. ఆ రేవులో పడవ ఎప్పుడు దించాలో, ఎప్పుడు వద్దో ఆయన మాటే చెల్లుతుంది. నేను నమస్కారం పెడితే, "రా సావుకారి బాబూ, కూకో," అని ఒక చేపల పెట్టె తిరగేసి వేశారు. అంతకుమించి లాప్‌టాప్‌ల మీద ఆయన ఆసక్తి చూపించలేదు.

మొదట టచ్ లేనిది తెరిచాం. నీలవేణి ముందు కూర్చుని మౌస్ కదిపింది. అందరూ లేచి ఆమె వెనక నిలబడ్డారు. ఇది మన తీరం, ఇది గాలి, ఎర్రగా ఉంటే ఎక్కువని అర్థం, ఇక్కడ చేప ఉండొచ్చు అని ఆమె చక్కగా చెప్పింది. నాకు అంతా అర్థమయింది. వాళ్లు కూడా వింటూ తలలూపారు. "బాగున్నాది," అన్నారు. "టీవీలాగున్నాది," అన్నాడొకడు. ఒక్కొక్కరే మళ్లీ వలల దగ్గరకు వెళ్లిపోయారు. ఆమె మౌస్ వదిలేసి నా వైపు చూసింది. ఫోన్‌లో చెప్పినప్పుడు జరిగేది కూడా ఇదేనని నాకు అప్పుడు అర్థమయింది. తెర పెద్దదైంది, అంతే.

రెండోది తెరిచి కొర్లయ్య ముందు పెట్టింది.

"నువ్వు సూడు మావా."

"నానెందుకు అమ్మీ, నువ్వే సూపించు."

"నా సేతులు కాలీ నేవు," అంటూ ఆమె పక్కనున్న వల ఒళ్లోకి లాక్కుని ముళ్లు వేయడం మొదలుపెట్టింది.

కొర్లయ్య ఆ యంత్రం వంక అనుమానంగా చూశారు. "ఇరిగిపోద్దేమో," అన్నారు. విరిగినా ఫర్వాలేదన్నాను. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని చూపుడు వేలు తెర మీద ఆనించారు. ఏమీ జరగలేదు. గట్టిగా నొక్కారు. అయినా కదల్లేదు.

నాకు కారణం తెలుసు. ఈ తెరలు నొక్కుడుకు పలికేవి కావు. మన చర్మం విద్యుత్తును కొద్దిగా లాక్కునే గుణాన్ని పసిగట్టి పలుకుతాయి. దీన్ని కెపాసిటివ్ టచ్ అంటారు. ఏళ్ల తరబడి తాళ్లు లాగి కాయ కాసిన ఆ వేలి చివర గాజుకు ఒక చెక్కముక్కలా తోచింది. తడి చేతుల గురించి ఆలోచించాను కానీ ఇలాంటి చేతుల గురించి నాకు తట్టనే లేదు.

కొర్లయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నా సెయ్యి దానికి తెలవడం నేదు," అన్నారు. మామూలుగానే అన్నారు గాని, వలల దగ్గర కూర్చున్నవాళ్లు తలలెత్తి చూశారు. ఇక ఈ పని ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. మూత వేయబోయాను.

నీలవేణి వల పక్కన పెట్టి లేచింది. తన చెంగు కొస నీళ్ల కుండలో ముంచి, గట్టిగా పిండి, మామగారి చెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ ఒత్తి తుడిచింది. తడి కాదు, చెమ్మ. "సిటికెనేలు ఎట్టు మావా. అది మెత్తగుంటాది."

ఆయన చిటికెన వేలు ఆనించారు. సముద్రం కదిలింది.

ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీశారు. మళ్లీ పెట్టారు. మెల్లగా తీరం వెంట పైకి లాక్కుంటూ వెళ్లారు. ఒకచోట ఆగి, "ఇది మన మొగ కాదేటి?" అన్నారు. ఏరు సముద్రంలో కలిసే చోటును వాళ్లు మొగ అంటారు. "మన మొగే మావా," అంది కోడలు. "అయితే దీనికి తూరుపున రాళ్లుండాల. ఇందులో నేవు." ఉండవు, ఇది గాలి పటం అని నేను చెప్పేలోపే వలల దగ్గర నుంచి ఒకడు లేచి వచ్చి, "రాళ్లు అక్కడ కాదు బావా, ఇంకాస్త దచ్చినంగా," అని వేలు పెట్టాడు. ఇంకొకడు వాడి చెయ్యి తోసి తన వేలు పెట్టాడు. ఐదు నిమిషాల్లో తెర ముందు సందు లేదు. ఎవరి వేలికి చెమ్మ కావాలో, ఎవరికి అక్కర్లేదో వాళ్లే కనిపెట్టుకున్నారు. వాళ్ల పోట్లకు లాప్‌టాప్ మూత వెనక్కి వాలిపోతుంటే వెనక నుంచి నేను పట్టుకుని నిలబడ్డాను. మూతను నిలబెట్టే కీలును హింజ్ అంటాం. వీళ్ల చేతుల్లో అది నెల కూడా ఆగదనిపించింది.

ఆ గొడవలోకి ఒక సన్నటి మనిషి వచ్చాడు. మోకాళ్ల దాకా ఉప్పు తెల్లగా అంటుకుని ఉంది. నీలవేణి మరిది. అతను రాగానే అందరూ కాస్త జరిగారు. తెర వంక చాలాసేపు చూసి, మొగకు కాస్త ఉత్తరంగా, సముద్రపు నీలంలో ఒకచోట వేలు ఆనించాడు.

"ఇక్కడ," అన్నాడు.

ఏం జరిగిన చోటో అందరికీ తెలుసు. కొర్లయ్య ఆ చోటును, దాని మీద నుంచి పారుతున్న గాలి గీతలను చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి కోడల్ని అడిగారు. "ఆయేల ఇక్కడ గాలి ఎర్రగా సూపించినాదా అమ్మీ?"

"సూపించినాది మావా."

ఆయన తలూపారు.

సాయంత్రం నా సంచి సర్దుకుంటుంటే నీలవేణి వచ్చి టచ్ ఉన్నదే కావాలంది. అమ్ముకోవాల్సిన నేనే అడ్డుచెప్పాను. ఎండలో కనిపించదు, తడికి గందరగోళపడుతుంది, కీలు వదులవుతుంది, పెద్దాయన చూపుడు వేలికి పలకదు, అన్నీ మీ కళ్లతో చూశారు కదా అన్నాను.

"సూసినాను బాబూ. నువ్వు సెప్పినవన్నీ నిజివే. గాని మౌసు అట్టుకోని నాను సూపిస్తే అది నా మాట. ఏలెట్టి ఆలు సూస్తే ఆల మాట. నా మాటకి పడవ ఆగదు. ఆల మాటకి ఆగుతాది."

స్కూటర్ మీద తిరిగి వస్తుంటే దారంతా ఆ మాటే. నేను ఆ రెండు యంత్రాలనూ బరువు, మెరుపు, బ్యాటరీ పెట్టి తూచాను. అవి తప్పు తూకాలు కావు. ఆమె వాటన్నిటినీ నాకంటే కఠినంగా పరీక్షించింది కూడా. ఆ తర్వాత, తనకు ఏది కావాలో దాన్ని బట్టి నిర్ణయం తీసుకుంది.

తర్వాత నా వంతు పని నేను మనసుపెట్టి చేశాను. మూత పూర్తిగా వెనక్కి మడిచి, గుడారంలా నిలబెట్టుకునే రకం ఒకటి అప్పుడప్పుడే వస్తోంది. వాటిని కన్వర్టిబుల్ అంటారు. అలా నిలబెడితే ఎంత పొడిచినా తెర వాలిపోదు, కీబోర్డు మీద ఇసుకా పడదు. దాన్నే తెప్పించాను. మెరుపు తగ్గడానికి తెర మీద గరుకు పొర అతికించాను. వడ్రంగి చేత మూడు పక్కలా మూసి, ముందు తలుపు పెట్టిన చెక్క గూడు చేయించి, అందులో పెడితే షెడ్డు కింద తెర స్పష్టంగా కనిపించేలా చూశాను. గూడు పక్కన చెమ్మగుడ్డ వేలాడదీయడానికి నీలవేణి తనే ఒక మేకు కొట్టించింది.

కార్తీక మాసంలో ఒకసారి, ఉప్పు గాలికి యంత్రం ఎలా ఉందో చూసి శుభ్రం చేద్దామని పొద్దున్నే ఆ రేవుకు వెళ్లాను. ఆకాశం నిర్మలంగా ఉంది. లేత ఎండ కాస్తోంది. పడవలు దించడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. గూడు ముందు కొర్లయ్య కూర్చుని చిటికెన వేలితో పటాన్ని లాగుతున్నారు. కింద కాలాన్ని చూపే గీత ఉంటుంది, దాన్ని జరిపితే సాయంత్రానికి, రేపటికి గాలి ఎలా ఉంటుందో కనిపిస్తుంది. ఆయన జరిపారు, వెనక్కి తెచ్చారు, మళ్లీ జరిపారు. నీలవేణి రెండడుగుల వెనక నిలబడి ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు.

"ఈయేల ఎవులూ దించొద్దు," అన్నారు కొర్లయ్య లేస్తూ.

ఒక కుర్రవాడు తాడు చేతిలో పట్టుకుని, "ఏటి పెదనాన్నా, ఎండ కాస్తాది కదా! ఎవులు సెప్పినారు?" అని అడిగాడు.

"ఎవులో సెప్పడమేటి? నానే సూసినాను. మద్దేనం దాటితే ముదురుతాది. కావాలంతే నువ్వూ సూడు."

కుర్రవాడు వచ్చి చూశాడు. తాడు కింద పెట్టాడు. ఆ తర్వాత పడవలన్నీ ఇంకా పైకి, ఇసుక దిబ్బ దాకా లాగారు. నేనూ ఒక చెయ్యి వేశాను. నా అరచేతులు మంటలెత్తాయి గాని, ఆ పూట ఆ రేవులో అంతకంటే మంచి పని లేదనిపించింది. నేను యంత్రం విప్పి శుభ్రం చేయడం ముగించేసరికి గాలి తిరిగింది. మధ్యాహ్నం దాటాక సముద్రం నల్లబడి, పొద్దున పడవలు నిలబడ్డ చోటును అలలు తుడిచిపెట్టేశాయి. అందరూ షెడ్డు కింద నిలబడి చూస్తున్నారు. కొర్లయ్య పక్కనున్నవాళ్లకు గాలి ఎటు తిరుగుతుందో చేత్తో చూపిస్తూ చెబుతున్నారు.

ఈ వృత్తిలో నేను ఎన్నో యంత్రాలు అమ్మాను. కొన్నవాళ్లందరూ దాంతో తాము ఏం చేయగలమో అడిగారు. తన చేతిలో నుంచి పని పక్కవాళ్ల చేతుల్లోకి ఎలా వెళ్తుందో చూసుకుని కొన్నది ఈమె ఒక్కతే. అప్పటి నుంచి ఎవరైనా టచ్ కావాలా వద్దా అని అడిగితే, తెరల సంగతి తర్వాత చెప్పి, ముందు ఆ తెర ముందు ఎవరెవరు కూర్చుంటారో అడుగుతున్నాను. చాలామందికి జవాబు ఇప్పటికీ వద్దనే వస్తుంది. అయినా అడగకుండా చెప్పడం మానేశాను.

ఆ రోజు వాన మొదలయ్యేలోపు బయలుదేరుతూ నీలవేణితో అన్నాను. "ఇదంతా నువ్వు చేసిన పనే కదమ్మా. మీ మామగారు తానే చూశానంటున్నారు. ఒక్కరైనా నీ పేరెత్తలేదు."

ఆమె గూటి తలుపు మూసి గొళ్లెం పెట్టింది. దిబ్బ మీద వరసగా ఉన్న పడవల వైపు చూసింది.

"ఎవులు సూస్తే ఏటి బాబూ. అన్నీ గట్టునున్నాయి."